రాయల కాలంలో పట్టా ఎవరి పేరున ఉండేది?

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర)

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా నాయన నన్నొక ప్రశ్న అడిగాడు. నేను విజయనగర చరిత్ర చదువుతున్నానని ఆయనకు తెలుసు. అరుగు మీద కూర్చుని శ్రీకృష్ణదేవరాయల గురించి మా పిన్ని కొడుక్కి చెబుతుంటే బీడీ ఆర్పేసి కాసేపు విన్నాడు. విని, "అంతా బాగుంది గానీ, ఆ రాయల కాలంలో భూమి పట్టా ఎవురి పేరు మింద ఉండెరా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆ కాలంలో పట్టాలు, పాసుబుక్కులు ఎక్కడివి నాయనా అన్నాను. "పట్టా ల్యాకపోతే పోనీ. భూమి ఎవురిదో ఒకరిది గావల్ల గదా. ఎవురిది?" అన్నాడు. నాకు సమాధానం రాలేదు. ఐదేళ్ళుగా చరిత్ర చదువుతున్నాను. రాయలు గెలిచిన యుద్ధాలు సంవత్సరాలతో సహా చెప్పగలను. 1509లో పట్టాభిషేకం, 1515లో కొండవీడు, 1520లో రాయచూరు, 1529లో మరణం. భూమి ఎవరిదో మాత్రం చెప్పలేకపోయాను.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్నే గుర్తుకొచ్చింది. నేను ఆరో తరగతి నుంచి పది వరకు ఈ హాస్టల్ గోడల మధ్యనే పెరిగాను. స్టడీ అవర్లో ట్యూబులైటు కింద కూర్చుని, "కృష్ణదేవరాయల పాలన స్వర్ణయుగమని నిరూపింపుము" అనే ప్రశ్నకు జవాబు బట్టీపట్టింది ఇక్కడే. వీధుల్లో రత్నాలు రాసులు పోసి అమ్మారని రాశాను. అష్టదిగ్గజాల పేర్లు వరుసగా రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు చదువుతున్న విశ్వవిద్యాలయం పేరు కూడా ఆ రాయల పేరే. అనంతపురంలో బస్సు దిగి ఆ గేటు లోపలికి పోతుంటే మొదటి రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఇప్పుడూ ఉంది. కాకపోతే దాని పక్కన నాయన ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది.

ఆ ప్రశ్న ఆయనకెందుకు వచ్చిందో చెప్పాలి. మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో మా అబ్బ పేరు మీద 1976లో ప్రభుత్వం ఇచ్చిన మూడెకరాల పట్టా కాగితం ఉంది. మడతలు పడి, మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఆ భూమిలో మా అవ్వా అబ్బా రాళ్ళు ఏరి గట్లు పోశారు. నాయన చిన్నప్పుడు అబ్బకు పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చులకని నాలుగు వేలకు ఊళ్ళో ఒకాయన చేతిలో పెట్టారు. ఆ భూమి మళ్ళీ మా చేతికి రాలేదు. 1977లోనే అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అప్పట్లో దాని ప్రకారం అట్లాంటి భూమి ఇంకొకరు కొనకూడదు, తీసుకోకూడదు. చట్టం అట్లా ఉండేది, భూమి ఇట్లా ఉంది. కాగితం మా పెట్టెలో ఉంది, మడక వేరేవాళ్ళది తిరుగుతోంది. అందుకే మా నాయనకు రాజు ఎవరనేది పెద్ద సంగతి కాదు. భూమి ఎవరి పేరున, ఎవరి చేతిలో, ఈ రెండే ఆయన అడిగేది. చదవగా చదవగా నాకు తెలిసిందేమంటే, మధ్యయుగాల చరిత్రకారులు ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్నది కూడా ఈ రెండు మాటల గురించే.

మొదటి సమాధానం ఒక పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఇచ్చాడు. పేరు న్యూనిజ్. రాయలు పోయిన కొన్నేళ్ళకు, అచ్యుతరాయల కాలంలో, 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. ఆయన రాతలను, అంతకు ముందు రాయల కాలంలోనే వచ్చిన డొమింగో పేస్ రాతలను రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. న్యూనిజ్ చెప్పేదాని సారాంశం ఇది: రాజ్యంలో భూమి అంతా రాజుది. నాయకులు దాన్ని రాజు చేతి నుంచి పొందుతారు. వాళ్ళు రైతులకు ఇస్తారు. రైతులు పండినదాంట్లో పదింట తొమ్మిది పాళ్ళు దొరకు చెల్లిస్తారు. వాళ్ళకు సొంత భూమి అంటూ లేదు.

పదింట తొమ్మిది! నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చు తప్పేమో అనుకున్నాను. చాలామంది చరిత్రకారులు ఈ లెక్కను నమ్మరు. ఆయన గుర్రాలమ్ముకోవడానికి వచ్చినవాడు, కల్లాల దగ్గర నిలబడి కొలిచినవాడు కాదు. శాస్త్రాల్లో రాజభాగం ఆరో వంతు. ఆ రెండు అంకెల మధ్యలో ఎక్కడో నిజం ఉంటుంది. ఎక్కడ అనేది ఊరిని బట్టి, నీటిని బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా వసూలుకు వచ్చినవాడిని బట్టి మారి ఉంటుంది. అయినా ఒక బయటివాడికి కంటికి కనిపించినది ఆరో వంతు కాదు, దాదాపు అంతా అనేది కూడా ఒక సాక్ష్యమే. భూమిని పట్టుకున్నవాళ్ళ దౌర్జన్యం వల్ల సామాన్య జనం కష్టపడుతున్నారని కూడా ఆయనే రాశాడు.

ఇక నాయకులు ఎవరు? మన పాఠ్యపుస్తకంలో "అమరనాయంకర విధానం" అని ఒక పేరా ఉంటుంది. ఎవరూ చదవరు, ఎందుకంటే అది ఎక్కువసార్లు రెండు మార్కుల ప్రశ్నగానే వస్తుంది. నా ఉద్దేశంలో ఆ ఒక్క పేరా అర్థమైతే విజయనగరం సగం అర్థమైనట్లే. రాజు ఒక నాయకుడికి కొంత ప్రాంతం ఇస్తాడు. దాన్ని అమరం అంటారు. ఇచ్చేది ఆ ప్రాంతపు ఆదాయం మీద హక్కు. బదులుగా నాయకుడు రెండు పనులు చెయ్యాలి. ఒకటి, ఏటా రాజుకు కట్టవలసిన సొమ్ము కట్టాలి. రెండు, ఇన్ని వేల కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు అని లెక్క ప్రకారం సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు తీసుకురావాలి. నాయంకరం అనే మాట, పద్ధతి విజయనగరంలోనే పుట్టలేదు. అంతకు ముందు కాకతీయుల కాలంలోనూ ఉంది. దాన్ని తుంగభద్ర నుంచి తంజావూరు దాకా పరిచింది విజయనగరం.

న్యూనిజ్ లెక్కలో ఇట్లాంటి నాయకులు రెండు వందల పైచిలుకు. అందరి ఆదాయం కలిపి ఏటా నూట ఇరవై లక్షల పర్దావోలు. మన వరాహాన్నే వాళ్ళు పర్దావో అన్నారు. అందులో అరవై లక్షలు రాజుకు పోవాలి. మిగిలిన దాంట్లో సైన్యం ఖర్చు. నాగపట్టణం, తంజావూరు వైపు భూములున్న సాళువ నాయకుడి ఒక్కడి ఆదాయమే పదకొండు లక్షలు. అందులో మూడో వంతు రాజుకు ఇవ్వాలి. ముప్పై వేల కాల్బలం, మూడు వేల గుర్రాలు, ముప్పై ఏనుగులు పోషించాలి. అయితే అతను ఆ సైన్యాన్ని ఎన్నడూ పూర్తిగా ఉంచడని, లాభమంతా అక్కడే ఉందని కూడా న్యూనిజ్ చెబుతాడు. దొంగ హాజరు వేయించి బిల్లు ఎత్తుకోవడం మన కాలపు విద్య అనుకుంటాం. ఐదు వందల ఏళ్ళ చరిత్ర ఉంది దానికి.

మహర్నవమి పండుగ పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిది రోజులు ఏనుగులు, నాట్యాలు, కుస్తీలు, బాణసంచా. పేస్ దాన్ని చూసి కళ్ళు చెదిరి రాశాడు. ఆ తొమ్మిది రోజులే నాయకులు రాజుకు కట్టవలసినది తెచ్చి కట్టే రోజులు కూడా. అంటే అది పండుగా, వసూళ్ళ జమాబందీ రెండూ. నాయకుడు తన తరఫున రాజధానిలో స్థానాపతి అనే మనిషిని ఎప్పుడూ ఉంచాలి. చెల్లించకపోతే, సైన్యం చూపించకపోతే అమరం పోతుంది. రాజు ఇంకొకరికి ఇస్తాడు. కాబట్టి నాయకుడికి కూడా ఆ భూమి శాశ్వతం కాదు. రేపు ఉంటుందో లేదో తెలియని భూమి మీద మనిషి ఏం చేస్తాడు? ఈ ఏడాది ఎంత వస్తే అంత పిండుకుంటాడు. ఇది నా ఊహ మాత్రమే కాదు, మూడేళ్ళ గుత్తకు తీసుకున్న చింతతోపును చూసినవాళ్ళెవరైనా చెప్పగలరు. అయితే పదహారో శతాబ్దం ముందుకు పోయేకొద్దీ, ముఖ్యంగా 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత, తంజావూరు, మధుర, జింజి నాయకులు తామే రాజులయ్యారు. ఇచ్చిన చెయ్యి బలహీనపడితే తీసుకున్న చెయ్యి సొంతదారు అవుతుంది.

అమర గ్రామాలు కాక ఇంకా రెండు రకాల ఊళ్ళుండేవి. ఆదాయం నేరుగా రాజు బొక్కసానికి పోయేవి భండారవాడ గ్రామాలు. గుళ్ళకు, బ్రాహ్మణులకు, మఠాలకు పన్ను లేకుండా ఇచ్చినవి మాన్యాలు, అగ్రహారాలు. మనకు దొరికే శాసనాల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకం గురించినవే. ఎందుకంటే దానం ఇచ్చినవాడు రాయి చెక్కిస్తాడు. సూర్యచంద్రులున్నంత కాలం అని రాయిస్తాడు. ఈ దానాన్ని చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం అని రాయిస్తాడు. ఇవ్వడానికేమీ లేనివాడు శాసనం వేయించడు. కాబట్టి శాసనాల మీద ఆధారపడి రాసిన చరిత్రలో అతను కనబడడు. ఇది ఎవరో కుట్ర చేసి దాచింది కాదు. రాయి ఖరీదు అట్లాంటిది.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. చెరువు కట్టడానికి ఏమేమి కావాలో పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు వివరంగా ఉన్నాయి. ఇరిగేషన్ ఇంజినీర్లు కూడా మెచ్చుకునే శాసనం అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని రాశారు. చెరువు ఇప్పటికీ ఉంది. ఆ వెయ్యిమందిని లెక్కపెట్టినందుకు నాకు భాస్కరుడి మీద గౌరవమే. కానీ వెయ్యి అనేది అంకె. బండ్లు వంద అన్నట్లే మనుషులు వెయ్యి. చెరువు నిండాక దాని కింద కయ్యల్లో ఆ వెయ్యిమందిలో ఎంతమందికి సెంటు భూమి దక్కిందో శాసనంలో ఉండదు.

దీన్ని "ఫ్యూడలిజం" అనవచ్చా అని మా క్లాసులో రెండు రోజులు వాదన జరిగింది. అనవచ్చనేవాళ్ళ చేతిలో ఆర్.ఎస్. శర్మ గారి 1965 పుస్తకం ఉంటుంది. అనకూడదనేవాళ్ళ చేతిలో హర్బన్స్ ముఖియా గారి 1979 ప్రసంగం ఉంటుంది. నీలకంఠశాస్త్రి గారు విజయనగరాన్ని యుద్ధం కోసం కట్టిన రాజ్యంగా చూశారు. బర్టన్ స్టెయిన్ అనే ఆయన 1980లో, అసలు రాజు చెయ్యి అంత దూరం పోలేదు, స్థానిక పెద్దలదే పెత్తనం అన్నాడు. జపాను నుంచి వచ్చి తమిళ శాసనాలన్నీ లెక్కగట్టిన కరాషిమా గారు, కాదు, పదహారో శతాబ్దపు నాయకులు ఫ్యూడల్ ప్రభువుల వంటివారే అన్నారు. ఇవన్నీ పరీక్షకు రాయాల్సిందే. నాకు మాత్రం పేరు కంటే ఒక తేడా ముఖ్యమనిపించింది.

యూరప్‌లో కమతపు బానిసను చట్టం భూమికి కట్టేసింది. దొర అనుమతి లేకుండా ఊరు వదలకూడదు. ఇంగ్లండును గెలిచిన విలియం రాజు 1086లో దేశమంతా మనుషుల్ని పంపి ఏ ఊళ్ళో ఎన్ని నాగళ్ళు, ఎవరి కింద ఎంత భూమి అని పుస్తకం రాయించాడు. అందులో బానిసల్ని కూడా ఊరూరా లెక్క రాశారు. మన దగ్గర అట్లాంటి చట్టం లేదు. మన రైతు పారిపోగలడు. పన్ను భరించలేకపోతే రాత్రికి రాత్రి పశువుల్ని తోలుకుని ఇంకో నాయకుడి సీమకు పోతాడు. భూమి ఎక్కువ, మనుషులు తక్కువ ఉన్న కాలం అది. పోయినచోట కూడా సాగు చేసేవాడు కావాలి. సేద్యం చేసే కులాల చేతిలో ఉన్న ఏకైక ఆయుధం వలస. ఇది నేను చెప్పడం కాదు, రాయలే చెప్పాడు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి భాగం ఉంది. కష్టం వచ్చి లేచిపోయిన రైతును పిలిపించకుండా, వాడు వదిలిన పశువులూ ధాన్యమూ తనకు లాభమే అనుకునే అధికారి ఉన్న రాజు ఎంత భూమి ఏలినా బాగుపడడని అందులో హెచ్చరిక. చెరువులు, కాలువలు తవ్వించి, పేద రైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తే ధర్మమూ ధనమూ రెండూ పెరుగుతాయని ఇంకో పద్యం. రాజ్యం మొత్తం మీద ఎక్కడా రైతు లేచిపోకపోతే, అట్లాంటి అధికారి లేకపోతే, రాజుకు ఆ పద్యం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. స్వర్ణయుగం గురించి నేను చదివినవాటిలో అంత నిజాయితీ గల సాక్ష్యం ఇంకొకటి లేదు.

పారిపోవడమే కాదు, ఎదురు తిరగడమూ ఉంది. 1429లో, రెండో దేవరాయల కాలంలో, తమిళ దేశంలో వలంగై, ఇడంగై అని రెండు వర్గాలుగా ఎప్పుడూ కొట్లాడుకునే కులాలు ఒక్కటై, ఏ పన్ను కడతాము, ఏది కట్టము అని తామే నిర్ణయించుకుని గుళ్ళ గోడల మీద చెక్కించుకున్నాయి. రాజు మనుషులతోనూ, వాళ్ళతో కుమ్మక్కయిన భూస్వాములతోనూ సహకరించేది లేదని రాసుకున్నాయి. రాయి ఖరీదైనదని పైన అన్నాను. అప్పుడప్పుడు కింది చేతులకు కూడా ఉలి దొరికిందని ఒప్పుకోవాలి.

సరే, లేచిపోగలిగినవాడి సంగతి ఇది. లేచిపోవడానికి పశువులు లేనివాడి సంగతేమిటి? ఊళ్ళో పన్నెండు మంది ఆయగాండ్రు అని చదువుకుంటాం. రెడ్డి, కరణం మొదలుకుని కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, తలారి, నీరుగంటి, బేగారి వరకు. జాబితా ఊరికొక రకంగా ఉంటుంది. చేసే పనికి బదులుగా కొంచెం మాన్యం, కల్లం దగ్గర మేర. జాబితా అంతా ఒక్క వరుసలో రాస్తారు గానీ పై వరసలో ఉన్నవాడి చేతిలో లెక్కల కవిలె, అడుగున ఉన్నవాడి చేతిలో చచ్చిన పశువు తోలు. యూరప్‌లో మనిషిని చట్టం కట్టేస్తే ఇక్కడ కులం కట్టేసింది. ఏ నాయకుడి సీమకు పోయినా అతను ఊరి బయటే దిగాలి, అదే పని చెయ్యాలి. అందువల్ల మన దగ్గర ఫ్యూడలిజం లేదు అని ఎవరైనా సంతోషంగా చెబితే నాకు సంతోషం కలగదు. కట్టు లేదనడానికీ, కట్టడానికి చట్టం అక్కర్లేకపోయిందనడానికీ చాలా తేడా ఉంది.

ఇట్లా రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. మా రూమ్మేట్ ఒకడు చదివి, "మనకున్న ఒక్క గొప్ప రాజును కూడా వదలవా" అన్నాడు. వదలాల్సిన అవసరం నాకేమీ లేదు. రాయలు పెళ్ళి సుంకం ఎత్తేశాడు. పేదవాడు పెళ్ళి చేసుకోవాలంటే రాజుకు డబ్బు కట్టే దుర్మార్గం పోయింది. ఇది చిన్న పని కాదు. ఆ తర్వాత సదాశివరాయల కాలంలో కొండోజు అనే మంగలి అళియ రామరాయల మెప్పు పొంది, తనకు ఊరో మాన్యమో అడగకుండా మంగలివాళ్ళందరికీ పన్ను తీసేయించుకున్నాడు. మన సీమ శాసనాల్లోనే ఉంది ఈ సంగతి. రాజుల పేర్లతో పాటు కొండోజు పేరు కూడా పిల్లలు బట్టీపడితే బాగుంటుందని నా అభిప్రాయం. కానీ గమనించండి, పెళ్ళి సుంకం అనేది ఉంటేనే గదా ఎత్తేసింది. రాయితీని పొగిడే ప్రతి శాసనం, రాయితీకి ముందు ఏం వసూలయ్యేదో కూడా మనకు చెబుతుంది. ఇల్లరి, పుల్లరి, మగ్గానికి, గానుగకు, సంతలో దిగిన ప్రతి మూటకు.

రాయలు రాజధాని దగ్గర, ఇప్పటి హోస్పేట వైపు, ఒక పెద్ద చెరువు కట్టించాడు. పేస్ అక్కడికి పోయి చూశాడు. పదిహేను ఇరవై వేల మంది చీమల్లా పని చేస్తున్నారని, కాళ్ళ కింద నేల కనబడటం లేదని రాశాడు. ఆ పనిని నాయకులకు పంచారు. వాళ్ళ వాళ్ళ మనుషుల చేత చేయించే బాధ్యత వాళ్ళది. కట్ట రెండు మూడు సార్లు తెగిందట. దేవుడు రక్తం కోరుతున్నాడని చెబితే గుడి ముందు అరవై మంది మనుషుల తలలు, కొన్ని గుర్రాలూ దున్నలూ తెగవేశారని అదే పేస్ రాశాడు. వాళ్ళు మరణశిక్ష పడ్డ ఖైదీలని న్యూనిజ్ అంటాడు. ఎవరైతేనేం, ఆ పేర్లు ఎక్కడా లేవు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలో లేదు. పదో తరగతి పిల్లలకు చెప్పాలా వద్దా అని నేనూ తటపటాయించాను. చెప్పాలనే అనుకుంటున్నాను. ఎందుకంటే అదే చెరువు గురించి ఇంకో మంచి సంగతి కూడా ఉంది, రెండూ కలిపి చెబితేనే అది చరిత్ర. ఆ చెరువు నీళ్ళు పారే భూముల్ని సాగులోకి తెచ్చుకోవడానికి రాయలు జనానికి తొమ్మిదేళ్ళు పన్ను లేకుండా ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాతే శిస్తు. ఆ ఆదాయం ఇరవై వేల పర్దావోలకు చేరిందని న్యూనిజ్ లెక్క. భూమి ఊరకే పండదని, దాన్ని భూమిగా చెయ్యడానికి మనిషికి ఏళ్ళు పడుతుందని తెలిసిన రాజు అతను.

ఆ వ్యవస్థ ఎప్పుడో పోయింది గదా, ఇప్పుడెందుకు అంటారు. ఏది ఎప్పుడు పోయిందో చూద్దాం. ఆంధ్ర ప్రాంతంలో జమీందారీ, ఇనాం ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు 1949లో పోయాయి. ఆయగాండ్ర జాబితాలో మొదట ఉండే రెడ్డి, కరణాల వంశపారంపర్య పదవులు 1984 దాకా పోలేదు. మా నాయన అప్పటికే గొడ్లు కాస్తున్నాడు. భూ గరిష్ఠ పరిమితి చట్టం 1973లో వచ్చింది. మా అబ్బకు మూడెకరాల కాగితం వచ్చింది ఆ చట్టాల గాలి వీచిన రోజుల్లోనే. అంటే మా వంశంలో భూమి మీద పేరు ఎక్కిన మొదటి మనిషి మా అబ్బ, డిగ్రీ మీద పేరు ఎక్కిన మొదటి మనిషి నేను. మధ్యలో ఒక్క తరమే. రాయల కాలం ఐదు వందల ఏళ్ళ దూరమని పుస్తకం చెబుతుంది. మా ఇంట్లో కూర్చుంటే అంత దూరం అనిపించదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక పని చెబుతాను. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఊరి చెరువు ఎవరు కట్టించారో, దాని కింద మాగాణి ఎవరెవరిదో, ఏ మడికి ఏ పేరుందో పెద్దవాళ్ళను అడిగి నోటుబుక్కులో రాయండి. మంగలి మాన్యం, తలారి మాన్యం, గుడి మాన్యం అనే పేర్లు ఇప్పటికీ ఉంటాయి. ఆ మాన్యాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా రాయండి. పరీక్షలో ఆ పాత ప్రశ్న వస్తే జవాబు మామూలుగానే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. చివర్లో చోటు మిగిలితే అమరనాయంకరం గురించి నాలుగు వాక్యాలు చేర్చండి. దిద్దే సారు చదువుతారో లేదో గానీ రాసిన మీకు గుర్తుంటుంది.

ఉగాదికి మళ్ళీ ఇంటికి పోయినప్పుడు నాయనకు సమాధానం చెప్పాను. పేరు రాజుది, పెత్తనం నాయకుడిది, సాగు రైతుది, చాకిరీ మన మాదిరివాళ్ళది అన్నాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అది అడగకుండానే తెలిసేదే" అన్నట్లు తలూపాడు. తర్వాత ఆ చెరువు సంగతి, తొమ్మిదేళ్ళ సంగతి చెప్పాను. అప్పుడు మాత్రం కొడవలి నూరడం ఆపి నా వైపు తిరిగాడు.

"తొమ్మిదేండ్లా?"

"తొమ్మిదేండ్లే నాయనా. పన్ను లేదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "మీ అబ్బకు రాళ్ళు ఏరేదానికే ఆరేండ్లు పట్టె" అన్నాడు. మళ్ళీ నూరడం మొదలుపెట్టాడు.